చప్పుడు లేని బండిలో భద్రాచలం అడవి దాకా

ఎవరైనా తన బండిని పావుగంటసేపు పొగిడి, ఆ వెంటనే అమ్ముతానన్నాడంటే నేను ముందు ఆ బండి కింద దూరి చూస్తాను. ఖమ్మంలో ముప్ఫై ఏళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నవాణ్ణి. నమ్మకం మీద బతికే పని కాదు మాది. మున్నేరు పొంగినప్పుడు పీకల్దాకా మునిగిన బండ్లను కడిగి, అత్తరు కొట్టి, 'లేడీస్ నడిపిన బండి' అని అమ్మినవాళ్ళను కళ్ళారా చూశాను. అందుకే చెప్పుల దుకాణం మస్తాన్ సాబ్ తన హైబ్రిడ్ కారును మార్కెట్ రేటు కంటే బాగా తక్కువకు మా అమ్మాయికి ఇస్తానన్నాడని తెలియగానే నాకు సంతోషం వేయలేదు. కార్పెట్ ఎత్తి బురద కోసం గోరుతో గీకాను. బురద లేదు. లేకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

కారు అవసరం మాత్రం నిజం. మా అమ్మాయి శ్రావణి దుమ్ముగూడెం అవతల అడవిలో ఉన్న సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. భద్రాచలంలో గది తీసుకుని ఉంటోంది. రోజూ ముప్ఫై అయిదు కిలోమీటర్లు స్కూటర్ మీద పోయి రావాలి. కిందటి వానాకాలం రక్తం శాంపిళ్ళ డబ్బాతో వస్తూ బురదలో జారి పడింది. శాంపిళ్ళు పోయాయి, మణికట్టుకు కట్టు పడింది. ఈసారి వానలు మొదలయ్యేలోపు కారన్నా కొనాలి, లేదంటే ట్రాన్స్‌ఫర్‌కి అర్జీ అన్నా పెట్టాలి అని వాళ్ళమ్మ ఒట్టు పెట్టించింది. అర్జీ పెట్టడం పిల్లకు సుతరామూ ఇష్టం లేదు. "జ్వరమొచ్చినోళ్ళ స్లయిడ్ చూసేది అక్కడ నేనొక్కదాన్నే నాన్నా" అంటుంది. నేను సరేనంటే కారు కొంటుంది, వద్దంటే అర్జీ రాస్తుంది. ఎల్లుండి పొద్దున ఇంకొకాయన బేరానికి వస్తున్నాడట, రేపు సాయంత్రంకల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు మస్తాన్ సాబ్. సరే, ఖమ్మం నుంచి ఆ దవాఖానా దాకా, మళ్ళీ వెనక్కి, ఒక రోజంతా నడిపి చూసి చెబుతానన్నాను. తప్పు పట్టడానికే బయలుదేరాను. ఆ మాట దాచి ప్రయోజనం లేదు.

హైబ్రిడ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది, దాని పక్కన కరెంటు మోటారు, వెనక సీటు కింద పెద్ద బ్యాటరీ. ప్లగ్గు పెట్టి ఛార్జింగ్ చేయక్కర్లేదు. బండి నెమ్మదించినప్పుడు, దిగుడులో దిగేటప్పుడు, అవసరమైతే ఇంజిన్ తిప్పుకుని, బ్యాటరీని అదే నింపుకుంటుంది. ఎప్పుడు ఇంజిన్ మీద పోవాలో, ఎప్పుడు బ్యాటరీ మీద పోవాలో కూడా కారే నిర్ణయించుకుంటుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే. డ్రైవర్‌కి చెప్పకుండా ఇంజిన్ ఆపేసుకునే బండిని మా షెడ్డులో రిపేరుకి పెడతాం, ఎక్కువ డబ్బు పెట్టి కొనుక్కోం.

పొద్దున అయిదున్నరకు బైపాస్ రోడ్డు మీద బంకులో ట్యాంకు నిండా పోయించాను. డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీని నేను లెక్కలోకి తీసుకోను. గొంతుదాకా పోయించు, నడుపు, మళ్ళీ గొంతుదాకా పోయించు, పట్టినదాంతో లెక్కెయ్యి. అంతే. ట్యాంకులో గాలి పోయేలా నేను బండిని ఊపి ఊపి పోయిస్తుంటే, సెలవు పెట్టి వచ్చిన శ్రావణి ముందు సీట్లో, మస్తాన్ సాబ్ వెనక సీట్లో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తోడు రమ్మని నేను పిలవలేదు. "నా బండి నేను లేకుండ యాడికీ పోదు మేస్త్రీ" అని తనే ఎక్కాడు. ఎందుకు ఎక్కాడో బానెట్ ఎత్తాక అర్థమైంది. లోపల నట్ల మీద ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్కలు! మెకానిక్ చేతికి బండి పోతే సామాను మారుతుందని రాత్రే గుర్తులు పెట్టుకున్నాడన్నమాట. నేనాయన్ని అనుమానిస్తుంటే ఆయన నన్ను అనుమానిస్తున్నాడు. ముచ్చటగా ఉంది అనుకున్నాను.

"ఎందుకు అమ్ముతున్నరు సాబ్?" అని బంకులోనే అడిగాను. "కొత్తది కొందామని" అన్నాడు. ఏన్కూరు దాకా వచ్చాక ఏడింటికి రోడ్డు పక్క టిఫిన్ బండి దగ్గర ఆగాం. ఇడ్లీ ప్లేటు ముప్ఫై రూపాయలు, పల్లీ చట్నీ బాగుంది. అక్కడ మళ్ళీ అడిగితే, దుకాణం దగ్గర బండి పెట్టడానికి జాగా లేదన్నాడు. కొత్తదాన్ని మరి నెత్తిన పెట్టుకుంటాడా? ఇంతలో టిఫిన్ బండి ఆమె మమ్మల్ని చూసి ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చిన్రు? సప్పుడే గాలే గదా! బండాగిన సప్పుడైతేనే నేను పెనం మీద అట్టు ఏస్త" అంది. చూశావా అన్నట్టు శ్రావణి వైపు చూశాను. దారిలో రెండు చోట్ల కుక్కలు రోడ్డు మీదినుంచి లేవలేదు, ఒక గేదె అయితే హారన్ కొట్టేదాకా మేం వచ్చినట్టే గుర్తించలేదు. చప్పుడు లేకపోవడం గొప్పని అమ్మేవాళ్ళు చెబుతారు. ఊళ్ళ మధ్య నడిపేవాడికి అదో తలనొప్పి కూడా.

కొత్తగూడెం ఎనిమిదింబావుకి దాటాం. పాల్వంచ రోడ్డు మీద లారీల వెనక పదిహేను నిమిషాలు నత్తనడక. అక్కడ మాత్రం మనసులో ఒక మార్కు వేశాను. ఏసీ నడుస్తూనే ఉంది, ఇంజిన్ మాత్రం చాలాసేపు పడుకునే ఉంది. కాకపోతే వెనకనుంచి సన్నగా గుయ్‌మని ఒక చప్పుడు. ముప్ఫై ఏళ్ల చెవి నాది, పట్టేసింది. బేరింగు పోతోంది, ఈయన దాస్తున్నాడు అనుకున్నాను. అమ్మకం సంగతి మూడోసారి కదిపితే మోకాళ్ళ నొప్పులన్నాడు. ఇది ఆటోమేటిక్ బండి, క్లచ్చే లేదు. మోకాలికి ఇంతకంటే సుఖమైన బండి ఉండదు. మూడుసార్లు అడిగితే మూడు జవాబులు. ఒక్క జవాబు చెప్పేవాడు అబద్ధమాడినా కొంత గౌరవం ఉంటుంది.

తొమ్మిదిన్నరకు గోదావరి వంతెన దాటి భద్రాచలంలో మళ్ళీ గొంతుదాకా పోయించాను. నూట ఇరవై కిలోమీటర్లకు ఆరున్నర లీటర్లు పట్టింది. లీటరుకు పద్దెనిమిది చిల్లర. "దీనికేనా ఇంత హంగామా? మామూలు పెట్రోల్ బండి గూడా జాగ్రత్తగా నడిపితే ఇస్తది" అన్నాను, గట్టిగానే. మస్తాన్ సాబ్ ముఖం పాలిపోయింది. "గట్లెట్ల? నాకెన్నడూ ఇరవై రెండు తగ్గలే, అల్లా కసమ్" అన్నాడు. "మీటరు చెప్పింది నమ్మి ఉంటరు" అన్నాను. శ్రావణి మణికట్టు రుద్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు గెలిచినట్టే ఉంది కానీ, పిల్ల ముఖం చూస్తే ఆ గెలుపు రుచించలేదు.

దుమ్ముగూడెం దాటాక రోడ్డు సన్నబడుతుంది. రెండు పక్కలా టేకు, అక్కడక్కడా ఇప్ప చెట్లు. పెట్రోలు బంకులు ఉండవు, కారుకు ఛార్జింగ్ పెట్టే చోటు అసలే ఉండదు. పూర్తి కరెంటు కారు కొందామని మా బంధువొకడు సలహా ఇచ్చాడు కానీ, వాడు ఈ రోడ్డు చూడలేదు. పదకొండు కావస్తుండగా ఒక పొడుగాటి దిగుడు, దాని అడుగున ఫారెస్టు చెక్‌పోస్టు గేటు కనిపించాయి. బండి నిశ్శబ్దంగా జారుతూ గేటు దగ్గరికి చేరిందో లేదో, ఖాకీ బట్టల్లో ఉన్న ఒకామె లాఠీ అడ్డం పెట్టి రోడ్డు మధ్యకు వచ్చింది. జేబు మీద లలిత అని పేరుంది. బీట్ ఆఫీసరు.

"ఇంజిన్ బందు పెట్టి దిగుతున్నవేంది?" అంది.

"బందు పెట్టలేదు మేడం, బండే అంత" అన్నాను.

"అవ్ అవ్, అందరి బండ్లు గంతే. టేకు దుంగలేసుకొని ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌ల ఈ దిగుడు జారేటోళ్ళను మస్తుమందిని చూసిన. మా చెవుల వడొద్దని. దిగుండ్రి అందరు."

దిగాం. డిక్కీ తెరిపించింది, స్టెప్నీ ఎత్తి చూసింది, వెనక సీటును లాఠీతో తట్టింది. సీటు పక్కన చిన్న జాలీ కనబడింది. "ఈ జాలీ ఏంది? లోపలేం దాసిన్రు?" అని టార్చి వేసి చెవి ఆనించింది. "గుయ్ అంటున్నది గదా!" మస్తాన్ సాబ్ చేతులు జోడించాడు. "బ్యాటరీకి గాలి పీల్చే ఫ్యానమ్మా అది. ఎండకు వేడెక్కుతది గదా, తిరుగుతది." పాల్వంచ నుంచి నేను మనసులో మోస్తున్న బేరింగు అక్కడే జారిపోయింది. ఆ ఫ్యాను సంగతి నేను వినలేదు, చదవలేదు, అడగలేదు. దాస్తున్నాడనే అనుకున్నాను.

"సరే, బండి చాలు చేసి చూపియ్యి" అంది లలిత మేడం. స్టార్ట్ బటన్ నొక్కాను. డ్యాష్‌బోర్డులో దీపం వెలిగింది. చప్పుడు లేదు.

"చెయ్యమంటే చెయ్యవేంది?"

"చేసిన మేడం. చాలైంది."

"ఏం చాలైంది? సప్పుడేది?"

"ఇప్పుడు అవసరం లేదని ఇంజిన్ రాలేదు మేడం. కదిలేటప్పుడు మోటారుతోటే కదులుతది, కావాలనుకున్నప్పుడు ఇంజిన్ దానంతటదే వస్తది. ఊరికే నిలబడ్డప్పుడు పెట్రోలు ఎందుకు తగలెయ్యాలె?"

ఈ మాటలు నా నోట్లోంచే వచ్చాయి. వెనకనుంచి మస్తాన్ సాబ్ చిన్నగా దగ్గాడు. లలిత మేడం నన్ను నఖశిఖపర్యంతం చూసింది. పొద్దుటినుంచి నేనా బండిని ఎలా చూశానో అచ్చం అలాగే. "నీ ముచ్చట్లు నాకొద్దు. ఇంజిన్ సప్పుడు ఇనవడాలె" అంది. గేరు పార్కింగ్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. ఇంజిన్ గుర్రుమని లేచింది. సన్నటి, బిగువైన చప్పుడు. ఎక్కడా దెబ్బ లేదు, ఊపిరాడనట్టు లేదు. అయిదేళ్ళు తిరిగిన ఇంజిన్ చప్పుడు అలా ఉందంటే దాన్ని ఎవరో ప్రాణంలా చూసుకున్నారని అర్థం. అంతసేపూ రాని నమ్మకం ఆ అర నిమిషంలో సగం వచ్చింది.

ఆమె శాంతించింది కానీ వదల్లేదు. "ఇంజిన్ మంచిగనే ఉన్నది. మరి న్యూట్రల్‌ల ఎందుకు దించినవ్? బండి ఆగంగనే అద్దంలకెల్లి లోపల N గుర్తు నేను చూసిన" అంది.

నేను నోరు తెరిచేలోపే మస్తాన్ సాబ్ తల పట్టుకున్నాడు. "యా అల్లా! న్యూట్రల్ ఏసినవా మేస్త్రీ? పొద్దుగాల్నుంచి ప్రతి దిగుడుకా?"

వేశాను. ప్రతి దిగుడుకూ వేశాను. లారీల మీద పని నేర్చుకున్నవాణ్ణి, దిగుడు కనబడితే చెయ్యి దానంతటదే గేరు మీదికి పోతుంది. న్యూట్రల్‌లో దించితే డీజిల్ మిగులుతుందని మా గురువు నేర్పాడు, నేను నా శిష్యులకు నేర్పాను. బండికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను కూడా. మస్తాన్ సాబ్ దాదాపు ఏడుపు గొంతుతో చెప్పుకొచ్చాడు. ఈ బండి తిండి సంపాదించుకునేదే దిగుళ్ళలో. గేరులో ఉంచి కాలు తీసేస్తే చక్రాలు మోటారును తిప్పి బ్యాటరీ నింపుతాయి. న్యూట్రల్ వేస్తే ఒక్క చుక్క కరెంటు కూడా బ్యాటరీకి పోదు, ఆ కరువు తీర్చడానికి ఇంజిన్ తర్వాత పెట్రోలు తాగుతుంది. పొద్దుటినుంచి దాని నోటికాడ కూడు నేనే లాగేస్తూ, మైలేజీ లేదని దాన్నే తిట్టాను. శ్రావణి నా వైపు చూసి, "మా నాన్నే గదా దొంగ!" అని పకపకా నవ్వింది. లలిత మేడం కూడా నవ్వింది. నాకు మాత్రం చెవులదాకా సిగ్గేసింది.

గేటు రిజిస్టరులో బండి ఎవరిదో వాళ్ళే రాయాలంది ఆమె. మస్తాన్ సాబ్ పుస్తకాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, చివరికి పైన అచ్చు వేసిన అక్షరాల మీదే తన పేరు రాయబోయాడు. లలిత మేడం పుస్తకం నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. "చెప్పుండ్రి సాబ్, నేను రాసుకుంట" అంది. బండెక్కాక ఆయనే అన్నాడు. "షుగర్ మేస్త్రీ. కండ్లల్ల మచ్చ వచ్చింది. స్టీరింగ్ ముట్టొద్దన్నడు డాక్టర్. బజార్ల ఎవ్వరికీ చెప్పలే. కండ్లు పోయినోని దుకాణానికి ఎవరొస్తరు?" ఆయన మూడు అబద్ధాలూ నాకు గుర్తొచ్చాయి. మునిగిన బండికి అత్తరు కొట్టేవాడి అబద్ధం వేరు, ఇది వేరు. శ్రావణి మాత్రం పొద్దున్నే గమనించిందట, ఆయన కారు తలుపు పిడి కోసం తడుముకోవడం. నాకెందుకు చెప్పలేదంటే, "చెప్పుకోవాలంటే ఆయనే చెప్పుకుంటడు గదా" అంది.

దవాఖానా వరండాలో మస్తాన్ సాబ్ టీ తాగుతుంటే పిల్ల నన్ను పక్కకు పిలిచింది. "ఇప్పుడు చెప్పు నాన్నా. వద్దనాలనే వచ్చినవ్ గదా. ఎందుకు?" చెప్పక తప్పలేదు. స్కూటర్ కొన్నప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక అలవాటుంది. దారిలో బండి మొరాయిస్తే తను ఫోను ఇంజిన్ దగ్గర పెడుతుంది. నేను ఖమ్మంలో షెడ్డులో నిలబడి విని చెబుతాను, ప్లగ్గు తీసి తుడువు అనో, బెల్టు అరిగింది, నలభై దాటకుండా వచ్చెయ్ అనో. నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆడపిల్లకు నేను అండగా ఉండగలిగింది ఆ చెవితోనే. "ఈ బండి నాకు వినబడదమ్మా. రేపు అడవిలో ఆగిపోతే నేనేం చెయ్యాలె? నాకు భయం" అన్నాను. బండి మీది అనుమానం అని పొద్దుటినుంచి నేను అనుకుంటున్నది ఇదే. పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "స్కూటర్ నీకు వినబడుతనే ఉండె గదా నాన్నా. అయినా పడ్డ" అంది.

భద్రాచలంలో ఒంటిగంటకు భోజనం, ముగ్గురికీ కలిపి మూడు వందల అరవై. తిరుగు ప్రయాణం శ్రావణి నడిపింది. నేను పక్కన కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. దిగుడు వచ్చినప్పుడల్లా తను కాలు తీసేస్తుంటే బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే పెరగడం చూశాను. ముందు పోయే లారీ కోసం నెమ్మదించినా నిండుతోంది. బ్రేకు ప్యాడ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయని అప్పుడు తట్టింది. నాలాంటివాడికి ఆ బేరం కూడా పోతుందన్నమాట! అయిదుంబావుకి ఖమ్మం బంకులో గొంతుదాకా పోయిస్తే, నూట తొంభై కిలోమీటర్లకు ఎనిమిది లీటర్లు నిండలేదు. అందులో గేటు దాకా నేను పాడుచేసినది కూడా ఉంది. మస్తాన్ సాబ్ నా వైపు చూస్తున్నాడు. ఎంతవరకు కనబడుతున్నానో తెలియదు. చెయ్యి చాపాను. "పిల్లకు ఇచ్చెయ్యండి సాబ్" అన్నాను. ఆయన చెయ్యి వదలకుండా, "ఆ చుక్కలు తుడిచేస్త మేస్త్రీ" అన్నాడు. ఉండనివ్వమన్నాను. రేపు ఇంకో మెకానిక్ చేతికి పోకుండా ఉంటుందా!

కొనాలనుకునేవాళ్ళకు నా అనుమానాలన్నీ తీరిపోయాయని చెప్పను. ఆ పెద్ద బ్యాటరీ మార్చాల్సి వస్తే ఖర్చు మామూలుగా ఉండదు, వారంటీ ఎంత మిగిలిందో కాగితం మీద చూసుకోండి. ఆ జాలీకి సంచులు అడ్డం పెట్టకండి. మునిగిన బండి అయితే చవగ్గా వచ్చినా ముట్టుకోకండి. రోజంతా హైవే మీద ఒకే వేగంతో పోయేవాళ్ళకు లాభం అంతగా కనబడదు. ఆగుతూ, ఎక్కుతూ దిగుతూ, ఛార్జింగ్ లేని చోటికి పోయేవాళ్ళకు మాత్రం బాగా పనికొస్తుంది. వానలు మొదలైన మొదటి సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు శ్రావణి ఫోన్ చేసింది. "ఇను నాన్నా" అని బానెట్ మీద పెట్టింది. షెడ్డులో గ్రైండర్ ఆపించి చెవికి ఆనించుకున్నాను. రేకు మీద వాన చినుకులు పడుతున్నాయి. దూరంగా ఎక్కడో కోడి కూసింది. "ఆ దొంగబండి వచ్చింది, గేటెత్తుండ్రి" అని లలిత మేడం గొంతు వినబడింది. అంతే. "ఏమన్నా ఇనవడ్డదా?" అంది పిల్ల. ఏం లేదన్నాను. "మరి బాగున్నట్టే గదా" అని పెట్టేసింది. ఫోను జేబులో పెట్టుకుని గ్రైండర్ మళ్ళీ వెయ్యమన్నాను. ఏమీ వినబడకపోవడం ఇంత హాయిగా ఉంటుందని ముప్ఫై ఏళ్ల పనిలో నాకెవరూ చెప్పలేదు.

చివరగా ఒకే ఒక్క సలహా. హైబ్రిడ్‌లో దిగుడు వస్తే గేరు మీద చెయ్యి వేయకండి. కాలు తీసేయండి చాలు, మిగతాది బండి చూసుకుంటుంది. ఈ ఆఖరి మాట రాయడానికే నాకు నెల రోజులు పట్టింది.